అత్తిపత్తి: కుండీలో ముద్దు... గట్టు మీద వద్దు

వేలితో అలా తాకితే చాలు, ఆకులు రెండు పక్కలా దగ్గరకు ముడుచుకుపోతాయి. ఇంకాస్త గట్టిగా తాకితే కాడతో సహా కిందకు వాలిపోతుంది. అదే అత్తిపత్తి. పశువులు కాయడానికి వెళ్ళిన పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు దీంతో ఆడుకున్నవాళ్ళే. ముల్లు గుచ్చుకుని తిట్టుకున్నవాళ్ళు కూడా. చెరువు గట్ల మీద, కాలువల పక్కన, తేమ ఉన్న బంజరుల్లో దానంతటది పెరిగే ఈ మొక్కనే పట్నాల్లో చిన్న కుండీలో పెట్టి అలంకరణ మొక్కగా అమ్ముతున్నారు. పిల్లలున్న ఇళ్ళవాళ్ళు సరదాపడి కొనుక్కుపోతున్నారు.

"ఏటండీ, గట్టు మీద పిచ్చి మొక్కను డబ్బులిచ్చి కొంటారా?" అని మీరు అడగవచ్చు. కొంటారు. అయితే దీన్ని చూసి ఎవరూ ఎకరాలకు ఎకరాలు వేయనక్కర్లేదు. గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల్లో అరెకరం, ఎకరం ఉన్న చిన్న రైతులు పెరట్లో ఒక మూల, నూతి పక్కన యాభయ్యో వందో కవర్లు పెట్టుకుంటే పండగ ఖర్చులకు నాలుగు డబ్బులు మిగులుతాయి. కానీ దీని విత్తనం పొలంలోకి, పశువుల బీడులోకి జారిందంటే వచ్చిన లాభానికి రెండింతలు కలుపు కూలికే పోతుంది. అందుకే ఈ మొక్కను పెంచడం ఎలాగో, అదుపులో పెట్టడం ఎలాగో రెండూ కలిపి తెలుసుకోవాలి.

ఏమిటీ మొక్క?

పేరులో పత్తి ఉన్నా పత్తికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది చిక్కుడు, తుమ్మ, సుబాబుల్ కుటుంబానికి చెందినది. కొందరు నిద్రగన్నిక అంటారు. సంస్కృతంలో లజ్జాలు అని పేరు. స్వీడన్ దేశపు వృక్ష శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి మైమోసా ప్యుడికా అని పేరు పెట్టారు. ప్యుడికా అంటే సిగ్గుపడేది అని అర్థం. అంటే మనవాళ్ళు చూసిందే ఆయనా చూశాడన్నమాట.

దీని పుట్టిల్లు మన దేశం కాదు. మధ్య, దక్షిణ అమెరికా ఖండాల నుంచి వచ్చి వేడి దేశాలన్నిటా పాకిపోయింది. కాండం నేల మీద వాలుతూ అడుగున్నర, రెండడుగులు పాకుతుంది. కాండం మీద వంకర ముళ్ళు ఉంటాయి. పూలు గులాబీ, ఊదా కలిసిన రంగులో చిన్న బొంగరపు బంతుల్లా ఉంటాయి. పూత తర్వాత గుత్తులుగా చిన్న కాయలు వస్తాయి. కాయ అంచులకు బిరుసు నూగు ఉంటుంది. ఒక్కో కాయలో మూడు నుంచి అయిదు గింజలుంటాయి. ఎండిన కాయ కణుపు కణుపుగా విడిపోయి పశువుల వెంట్రుకలకు, మనుషుల బట్టలకు అతుక్కుని ఊరంతా తిరుగుతుంది. దీని వ్యాప్తి గుట్టు అంతా ఈ నూగులోనే ఉంది.

ఎందుకు ముడుచుకుంటుంది?

మొక్క కొనేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఇదే. జవాబు తెలిసినవాడే నాలుగు మొక్కలు ఎక్కువ అమ్మగలడు.

ప్రతి ఆకు మొదట్లోనూ, కాడ మొదట్లోనూ చిన్న ఉబ్బు ఉంటుంది. అందులోని కణాల నిండా నీరుంటుంది. గాలి కొట్టిన సైకిలు ట్యూబు బిగువుగా నిలబడినట్టు, ఆ నీటి బిగువుతోనే ఆకు విచ్చుకుని ఉంటుంది. మనం తాకగానే సన్నని విద్యుత్ సంకేతం పుట్టి ఆ ఉబ్బులకు చేరుతుంది. వెంటనే ఒక పక్క కణాల్లోని నీరు బయటకు పోతుంది. బిగువు తగ్గి ఆకు ముడుచుకుంటుంది. మళ్ళీ నీరు చేరి ఆకు విచ్చుకోవడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది.

ఈ మొక్క మీద మన దేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది. 1917లో కలకత్తాలో బోస్ పరిశోధన సంస్థను స్థాపించిన జగదీశ్ చంద్ర బోస్ దీన్ని తన ప్రయోగాల్లో ఎంతో వాడారు. ఆకుకు తాకిడి తగిలిన క్షణం నుంచి ఎంతసేపట్లో కదులుతుందో కొలిచే సున్నితమైన యంత్రాలు ఆయనే తయారు చేశారు.

మరి ముడుచుకుంటే మొక్కకేం లాభం? పురుగు వాలగానే ఆకు చటుక్కున మూసుకుంటే, అది తినడం సాగదు. జపాన్‌లోని సైతామా విశ్వవిద్యాలయం వారు 2022లో దీన్ని రుజువు చేశారు. ఆకులు కదలకుండా చేసిన మొక్కలను మిడతలు ఎక్కువగా తినేశాయి. మామూలుగా ముడుచుకునే మొక్కలను తక్కువ తిన్నాయి.

రాత్రి ముడుచుకోవడం వేరు సంగతి. చింతాకు, జీలుగ ఆకు చీకటి పడగానే ముడుచుకోవడం మీరు చూసే ఉంటారు. అత్తిపత్తిదీ అదే తీరు. 1729లో ఫ్రాన్సు దేశపు దె మెరాన్ అనే శాస్త్రవేత్త ఈ జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు లేకపోయినా వేళకు విచ్చుకుంటూ, వేళకు ముడుచుకుంటూనే ఉంది. జీవుల్లో గడియారం ఉందన్న ఆలోచనకు అక్కడే బీజం పడింది. ఆ గడియారం గుట్టు విప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

విత్తనం ఎలా సంపాదించాలి?

విత్తనానికి ఖర్చు పెట్టనక్కర్లేదు. అక్టోబరు నుంచి జనవరి వరకు గట్ల మీద మొక్కలకు కాయలు ఎండి గోధుమ రంగుకు వస్తాయి. ఉత్త చేతులతో తీయకండి, నూగు వేళ్ళలో దిగుతుంది. దళసరి గుడ్డ చేతికి చుట్టుకుని గుత్తులు తుంచి మూతి ఉన్న డబ్బాలోనే వేసుకోండి. భుజాన కండువాలోనో, పంచె మడతలోనో వేసుకొస్తే విత్తనం దారంతా రాలుతుంది.

రెండు రోజులు ఎండబెట్టి, పాత గోనెసంచి మడతల మధ్య వేసి నలిపితే గింజ విడిపోతుంది. చేటతో చెరిగి గింజ తీసుకోండి. మిగిలిన పొట్టును దిబ్బ మీద పారేయకుండా పొయ్యిలో వేయండి. అందులో కంటికి కనబడని గింజలు ఎన్నో ఉంటాయి. తడి లేని సీసాలో పోసి మూతపెడితే గింజ ఏళ్ళ తరబడి చెడదు. ఇది పెంచేవారికి వరం, పొలానికి శాపం.

వేడినీళ్ళ శుద్ధి తప్పనిసరి

ఈ గింజ పైతోలు గట్టిది, నీరు లోపలికి దిగనివ్వదు. అలాగే చల్లితే కొన్ని ఈ ఏడాది, కొన్ని పై ఏడాది మొలుస్తాయి. అన్నీ ఒకసారి మొలవాలంటే వేడినీళ్ళ శుద్ధి చేయాలి.

గిన్నెలో నీళ్ళు మరగకాచి పొయ్యి మీద నుంచి దించండి. పొంగు ఆగి నాలుగైదు నిమిషాలు గడిచాక గింజలను అందులో వేయండి. మరుగుతున్న నీళ్ళలో వేస్తే గింజ ఉడికిపోతుంది. ఆ నీళ్ళలోనే రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే కొన్ని గింజలు ఉబ్బి ఉంటాయి. వాటిని తీసి వెంటనే విత్తాలి. ఉబ్బని గింజలను మళ్ళీ ఒకసారి అలాగే శుద్ధి చేయాలి. గింజలు కొద్దిగానే ఉంటే రంగులు వేసేవాళ్ళు వాడే గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, మామూలు నీళ్ళలో నానబెట్టినా సరిపోతుంది. పైతోలు గీరుకుంటే చాలు, లోపలి పప్పు దెబ్బతినకూడదు.

మట్టి, కవర్లు

మన ఎర్ర నేలల మట్టి ఒక్కటే వేస్తే నీరు పోసినప్పుడల్లా పైన పెచ్చు కడుతుంది. లేత మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. అందుకని రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన గెత్తం, ఒక పాలు ఇసుక కలిపి జల్లెడ పట్టండి. పచ్చి గెత్తం వేయవద్దు. వేడికి వేరు మాడుతుంది, చెదలు చేరతాయి. చెరువు మట్టి జిగురు నేల, ఒక్కటే వాడితే నీరు నిలిచిపోతుంది.

నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు ఉన్న నర్సరీ కవర్లు చాలు. అడుగున నాలుగైదు చిల్లులు ఉండాలి. ఒక్కో కవరులో రెండు మూడు గింజలు వేసి, పైన పావు అంగుళం మందాన మట్టి చల్లండి. అంతకన్నా లోతు వెళితే పైకి రావు. మొదట మడిలో నారు పోసి తర్వాత పీకి నాటుదామనుకోవద్దు. ఈ మొక్క వేరు కదిలితే ఓర్చుకోదు. నేరుగా కవరులో విత్తడమే మేలు.

శుద్ధి చేసిన గింజ వెచ్చని వాతావరణంలో వారం, రెండు వారాల్లో మొలుస్తుంది. మొదట వచ్చే రెండు బద్దాకులు ముడుచుకోవు. తర్వాత వచ్చే అసలు ఆకులే ముడుచుకుంటాయి. "గింజ మంచిది కాదు" అని తొందరపడి పారబోయకండి. మొలకలు వేలెడు ఎత్తు వచ్చాక బలమైనది ఒకటి ఉంచి, మిగిలినవి పీకకుండా కత్తెరతో మొదలంటా కత్తిరించండి.

ఎండ, నీరు, ఎరువు

మొలకెత్తే వరకు పలుచని నీడ ఉంచండి. కొబ్బరాకు పందిరి చాలు. నాలుగు ఆకులు వచ్చాక మెల్లమెల్లగా ఎండకు అలవాటు చేయాలి. రోజుకు అయిదారు గంటల ఎండ లేకపోతే మొక్క సన్నగా పొడుగు సాగి, తాకినా మందంగా కదులుతుంది. ఎండ తగిలిన మొక్కే చురుకుగా ముడుచుకుంటుంది. కొనేవాడు చూసేదీ ఆ చురుకుదనమే.

నీరు రోజూ ఉదయం పూట కొద్దికొద్దిగా పోయండి. మట్టి తడిగా ఉండాలి గాని బురద కాకూడదు. చెంబుతో ఎత్తి పోస్తే గింజ కొట్టుకుపోతుంది. డబ్బా మూతకు చిల్లులు పొడిచి చల్లుకోండి. ముసురు రోజుల్లో కవర్లను ఇటుకల మీద పెడితే అడుగున నీరు నిలవదు.

ఇది చిక్కుడు జాతి మొక్క. వేళ్ళ మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని తానే తీసుకుంటుంది. కనుక యూరియా వేయనక్కర్లేదు. వేస్తే ఆకు ఏపుగా వచ్చి పూత తగ్గుతుంది. నెలకోసారి గుప్పెడు చివికిన గెత్తమో, వానపాముల ఎరువో పైన వేస్తే చాలు.

మొక్క బెత్తెడు ఎత్తుకు వచ్చాక చిగురు తుంచండి. పక్క కొమ్మలు వచ్చి గుబురుగా కనిపిస్తుంది. గుబురు మొక్కకే బేరం.

చీడపీడలు

గట్టు మీద మొండిగా పెరిగే మొక్కే అయినా, కవరులో దగ్గర దగ్గరగా పెట్టినప్పుడు కొన్ని చీడలు పడతాయి. మొలకలు మొదట్లో నల్లబడి ఒరిగిపోతుంటే నారుకుళ్ళు అని గుర్తించి ముందు నీరు తగ్గించండి. తగ్గకపోతే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి.

ఎండాకాలంలో ఆకు అడుగున ఎర్రనల్లి చేరి సన్నని బూజులా అల్లుతుంది, ఆకులు పాలిపోతాయి. ఆకు అడుగు భాగం తడిసేలా రెండు మూడు రోజులు నీళ్ళు చిమ్మితే చాలావరకు పోతుంది. కొమ్మ కణుపుల్లో తెల్లని పిండినల్లి కనిపిస్తే ఆ కొమ్మ కత్తిరించి కాల్చేయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. పిల్లలు చేతులతో తాకే మొక్క కదా, దీని మీద ఘాటైన పురుగుమందులు అసలు వాడవద్దు.

ఎప్పుడు వేస్తే ఎప్పుడు అమ్మకం?

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. జనం కుటుంబాలతో వచ్చే సమయం. దసరా నాటికి మొక్క పూతతో ఉండాలంటే జూన్ చివరి వారం నుంచి జూలై పదిహేను లోపల విత్తాలి. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ ఆకుమడి, ఉభాల పనిలో ఉంటారు. కనుక మట్టి కలపడం, కవర్లు నింపడం మే నెలలోనే ముగించి పెట్టుకోండి. ఆ తర్వాత రోజుకు అరగంట పని. ఇంట్లో పెద్దవాళ్ళు చూసుకోగలరు.

రెండో అదను నవంబరు. 14న బాలల దినోత్సవం, 30న జగదీశ్ చంద్ర బోస్ పుట్టినరోజు. బడుల్లో పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి మొక్క దొరకదు. దగ్గరలోని బడి మాస్టారిని ముందుగానే కలిసి ఎన్ని కావాలో అడిగి, అన్నే పెంచండి. డిసెంబరు, జనవరి చలిలో ఎదుగుదల మందగిస్తుంది, ఆకులు కూడా నెమ్మదిగా కదులుతాయి. అప్పుడు అమ్మకానికి పెట్టుకోవద్దు.

ఇంకో కిటుకు. సైకిలు మీదో ఆటోలోనో మొక్కలు తీసుకెళితే కుదుపులకు ఆకులన్నీ ముడుచుకుని వాడిపోయినట్టు కనిపిస్తాయి. ఆ స్థితిలో చూస్తే ఎవరూ కొనరు. బేరం వేళకు గంట ముందే చేరి, మొక్కలను వెలుతురులో దించి కదపకుండా వదిలేయండి. అన్నీ విచ్చుకుంటాయి. వచ్చిన ప్రతివాళ్ళూ ప్రతి మొక్కనూ తాకకుండా, చూపించడానికి రెండు మొక్కలు విడిగా పెట్టండి. మిగిలినవి వెనక వరుసలో ఉంచండి.

లెక్క ఎలా వేసుకోవాలి?

వంద కవర్లు వేశారనుకుందాం. కవరు, మట్టి, ఇసుక, గెత్తం, మీ కష్టం అన్నీ కలిపి కవరుకు 6 రూపాయలు పడిందనుకోండి. మొత్తం 600 రూపాయలు. వందలో ఎనభై నిలిచాయి, అరవై అమ్ముడయ్యాయి. ఆటో ఖర్చు 150. అంటే 750 రూపాయల ఖర్చును అమ్మిన అరవై మొక్కల మీదే వేయాలి. మొక్కకు పన్నెండున్నర రూపాయలు పడినట్టు. ఇరవైకి అమ్మితే చేతికి వచ్చేది 1,200, మిగిలేది 450.

ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. మొలవని కవర్లను, అమ్ముడవని మొక్కలను లెక్కలో కలపకపోతేనే మోసపోతాం. రాజమండ్రి దగ్గర కడియం నర్సరీలు రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా, అక్కడి మొక్కలు లారీల్లో మన బజార్ల దాకా వస్తాయి. పెద్దవాళ్ళతో ధరలో పోటీ పడలేం. మన మొక్క తాజాగా ఉండటం, దూర ప్రయాణం లేకపోవడం, కొన్నవాళ్ళకు పెంచే తీరు చెప్పడం, ఇవే మన బలం. మొదటి ఏడాది యాభై కవర్లు మించవద్దు.

గట్టు మీద ఎందుకు వద్దు?

ఆ 450 రూపాయలు గుర్తుంచుకుని ఇది చదవండి. నిర్లక్ష్యం చేస్తే ఒక్క మొక్క నుంచే వందల గింజలు రాలతాయి. అన్నీ ఒకేసారి మొలవవు. ఈ ఏడాది పీకినా వచ్చే ఏడాది మళ్ళీ మొలుస్తాయి. చోడి చేలో, వేరుశనగలో, గోగులో ఇది పడితే గొప్పు తవ్వే ఆడకూలీల చేతులు చీరుకుపోతాయి. ముళ్ళున్న చేనుకు కూలీలు రామంటారు, వచ్చినా ఎక్కువ అడుగుతారు. ఒక మనిషి రెండు రోజులు కలుపు తీస్తే కుండీల్లో సంపాదించినదంతా అక్కడికే పోతుంది. పక్క రైతు చేలోకి పాకితే తగవు అదనం.

అందుకే అయిదు కట్టుబాట్లు పాటించండి.

ఒకటి, కవర్లను నేల మీద కాకుండా ఇటుకల మీదో, బల్ల మీదో ఉంచండి. వేరు నేలలోకి దిగదు.

రెండు, పువ్వు వాడి రంగు మారగానే తుంచేయండి. కాయ కట్టనివ్వవద్దు. పై ఏడాదికి విత్తనం కావాలంటే రెండు మొక్కలకే ఉంచి, కాయలు ఎండే ముందు పలుచని గుడ్డ కట్టండి.

మూడు, కాయలున్న మొక్కను పెంటకుప్పలో వేయవద్దు. గెత్తంతో పాటు పొలమంతా చల్లినట్టవుతుంది. ఎండబెట్టి కాల్చండి.

నాలుగు, గట్టు మీద ఇప్పటికే ఉన్న మొక్కలను వాన పడిన మర్నాడు, పూత రాకముందే, మొదట్లో పారతో తవ్వి వేరుతో సహా తీయండి. పైపైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. చేతికి గోనె తొడుగు వేసుకోండి. రెండు మూడేళ్ళు వరసగా చేస్తే గాని అదుపులోకి రాదు.

అయిదు, కొన్నవాళ్ళకు కూడా ఈ మాట చెప్పండి. "పువ్వు వాడగానే తుంచండి, పాతబడిన మొక్కను కాలువలో పారేయకండి" అంటే చాలు.

నత్రజని పట్టే మొక్క కదా, పచ్చిరొట్టగా వేద్దామా అని కొందరికి అనుమానం రావచ్చు. వద్దు. ఆ పనికి జీలుగ, జనుము ఉన్నాయి. వాటితో ఇలాంటి కలుపు బెడద లేదు.

పశువుల సంగతి

సుబాబుల్‌లో ఉండే మిమోసిన్ అనే పదార్థం అత్తిపత్తిలోనూ ఉంది. గుర్రాలు, పందుల వంటి నెమరు వేయని జంతువులు దీన్ని ఎక్కువ తింటే వెంట్రుకలు రాలతాయి. మేకలు, పశువులు మేతలో నాలుగు ఆకులు కొరికితే కంగారు పడనక్కర్లేదు. కానీ కోసి తెచ్చి మోపులుగా వేయవద్దు. ముళ్ళు నోటికి, పొదుగుకు గీరుకుంటాయి. బీడంతా ఇదే పరచుకుంటే మంచి గడ్డి అణగిపోతుంది. పశువు వెంట్రుకలు రాలుతున్నా, మేత మానేసినా మేత మార్చి, మీ పశువైద్యుడికి చూపించండి. గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది, సలహా కోసం దూరం పోనక్కర్లేదు.

మందు మొక్క అంటారు, నిజమేనా?

ఆయుర్వేదంలో లజ్జాలుకు చోటుంది. మొలలు, విరేచనాలు, గాయాల చికిత్సలో వాడతారు. అయితే దాన్ని వైద్యుడు మోతాదు చూసి ఇవ్వాలి గాని, గట్టు మీద ఆకు పీకి నూరి తాగే పని పెట్టుకోవద్దు. ముఖ్యంగా గర్భిణులు అసలు వాడకూడదు. మీరు మొక్క అమ్మేటప్పుడు కూడా "ఈ రోగం పోతుంది, ఆ రోగం పోతుంది" అని చెప్పకండి.

ఇంకొక హెచ్చరిక. "మందు మొక్కలు వేయండి, పంటంతా మేమే కొంటాం" అని ఊళ్ళలోకి వచ్చి, ముందు విత్తనానికో నారుకో డబ్బు కట్టించుకునే వాళ్ళుంటారు. గట్టు మీద ఊరికే దొరికే మొక్కకు ఎవరైనా ఎకరాకు వేలు ఇస్తామంటే ఒక్క క్షణం ఆగండి. కొనేది ఎవరు, ఏ ధరకు, ఎక్కడ తూస్తారు, ఎప్పుడు డబ్బిస్తారు అన్నవి కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే నమస్కారం పెట్టి పంపేయండి. వచ్చిన ప్రతిపాదన ఏదైనా మీ ఊరి వ్యవసాయ సహాయకుడికి, ఉద్యాన అధికారికి ఒకసారి చూపించండి.

ప్రశ్నలు - జవాబులు

పగటిపూట కూడా ఆకులు ముడుచుకునే ఉంటున్నాయి, ఎందుకు?
నీరు చాలకపోయినా, మిట్టమధ్యాహ్నం ఎండ మండినా, గాలి ఎక్కువగా వీచినా అలా ఉంటాయి. ముందు మట్టి తాకి చూడండి. పొడిగా ఉంటే నీరు పోయండి. తడిగా ఉండి కూడా విచ్చుకోకపోతే అడుగు చిల్లులు మూసుకుని వేరు కుళ్ళుతోందేమో చూడండి.

ఎంత తాకినా ముడుచుకోవడం లేదు?
చలి, నీడ, ముదిరిన ఆకు కారణం కావచ్చు. మరొకటి ఉంది. హాని లేని తాకిడి మళ్ళీ మళ్ళీ తగిలితే మొక్క అలవాటు పడి ముడుచుకోవడం మానేస్తుంది. ఈ మొక్కల కుండీలను 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదేపదే మెల్లగా జార్చి చూసిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. కొద్దిసేపటికి ముడుచుకోవడం మానేశాయి, నెల్లాళ్ళ తర్వాత కూడా ఆ అలవాటు మరిచిపోలేదు.

పిల్లలు అస్తమానం తాకుతుంటే మొక్క చచ్చిపోతుందా?
చావదు, కానీ గిడసబారుతుంది. ఆకు ముడిచి ఉన్నంతసేపు ఎండను సరిగా పట్టలేదు. రోజుకు నాలుగైదుసార్లు తాకితే ఫరవాలేదు. ముళ్ళున్నాయి కనుక పసిపిల్లలకు అందనీయవద్దు.

కొమ్మ గుచ్చితే బతుకుతుందా?
నమ్మకం తక్కువ. గింజతోనే పెంచండి.

ఒక మొక్క ఎన్నాళ్ళుంటుంది?
మన వాతావరణంలో ఏడాదికి పైగానే ఉంటుంది. కానీ రెండో ఏడు కింద ఆకులు రాలి, కాండం ముదిరి అందం తగ్గుతుంది. ఏటా కొత్త గింజ వేసుకోవడం మంచిది.

చివరగా ఒక మాట. ఈ వారం పొలానికి వెళ్ళినప్పుడు గట్టు మీద, కాలువ పక్కన అత్తిపత్తి ఉందేమో చూడండి. కాయ ఎండితే విత్తనానికి గుప్పెడు తీసుకుని, మిగిలినది వేరుతో సహా తీసి కాల్చేయండి. వచ్చే మే నెలకు యాభై కవర్లు, కాస్త ఇసుక సిద్ధం చేసుకోండి. కుండీలో పెరిగినన్నాళ్ళూ అది పిల్లలకు ఆట, మీకు పండగ ఖర్చు. కుండీ దాటిందంటే మాత్రం తాకితే ముడుచుకునేది అది కాదు, మన చెయ్యి.